ముప్పై ఒకటో బస్సుకు పచ్చరంగు

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి రాసుకుంటున్నాను. ఎవరికో చూపించుకోవడానికి కాదు. రేపెప్పుడైనా ఎవరైనా "ఇది ఎలా మొదలైంది సార్?" అని అడిగితే తారీఖుల కోసం తడుముకోకూడదు, అంతే.

ఉదయం పది గంటలకు డిపోలో నా ప్రోగ్రాం మొదలైంది. మేనేజరు మీట నొక్కాడు. అరవై నాలుగు బస్సులు, పన్నెండేళ్ల ఫిర్యాదుల పుస్తకాలు, రెండేళ్ల నా చాకిరీ, అన్నీ కలిసి ఒక్క కాగితంగా బయటికొచ్చాయి. పచ్చరంగు పడిన బస్సు ఏ దారినైనా వెళ్ళొచ్చు. ఎరుపు పడింది షెడ్డులోనే ఉండాలి. మొదట్లో పసుపు కూడా పెట్టాను, "ఒకసారి చూసి పంపండి" అని. తీరా పరీక్షించి చూస్తే సగం బస్సులకు పసుపే వచ్చింది. చిరాకేసి తీసేశాను. సలహా అన్నాక అవునో కాదో తేల్చాలి గానీ నీళ్ళు నమలకూడదు.

కొండదారికి మాత్రం పచ్చవాటిలోనూ మొదటి ఎనిమిదే. ఆ దారిలో పదిహేడు మలుపులున్నాయి. అక్కడికి మంచివాటిలో మంచివే వెళ్ళాలి.

డ్రైవర్లు అప్పుడే దానికి 'సలహాదారు' అని పేరు పెట్టేశారు. వెక్కిరింపో గౌరవమో తెలియలేదు. నేను గౌరవమనే అనుకున్నాను.

ఇంతకాలం ఏ బస్సు ఎటు వెళ్ళాలో నోటిమాటగా చెప్పింది షెడ్డు మేస్త్రి. ముప్పై ఏళ్ల సర్వీసు. కాగితం చేతికిస్తే కళ్ళద్దాలు పైకీ కిందకీ జరుపుకుని చదివి, "అచ్చు చక్కగా పడింది సార్" అన్నాడు. ఆయనకు నచ్చకపోతే 'ఒప్పుకోను' అని నొక్కొచ్చు. అప్పుడు పద్నాలుగు గడులు నింపాలి, కారణం రాయాలి, మేనేజరు సంతకం పెట్టాలి. స్వేచ్ఛ ఇవ్వాలి కానీ అది అలుసైపోకూడదు కదా.

మార్చి 11, మంగళవారం

ఎనిమిది రోజులైంది. నూటికి తొంభై ఏడు సార్లు మేస్త్రి 'ఒప్పుకుంటున్నాను' నొక్కాడు. ముప్పై ఏళ్ల అనుభవం ఎనిమిది రోజుల్లో నా దారికి వచ్చేసింది. తొంభై ఏడు!

మార్చి 16, ఆదివారం

మా బావమరిది భోజనానికి వచ్చాడు. వాడు అదే డిపోలో డ్రైవరు. పదకొండేళ్లుగా కొండదారిలోనే నడుపుతున్నాడు. నోరు ఊరుకోదు.

"బావా, నీ సలహాదారుకి కళ్ళు లేవుగా. బస్సు ఎలా ఉందో దానికెలా తెలుస్తుంది?"

"చదువుకుంటుంది."

"ఏం చదువుకుంటుంది?"

"మీరు రాసిన ఫిర్యాదుల పుస్తకాలే. పన్నెండేళ్లవి."

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. పొలమారింది. మా ఆవిడ లేచి తమ్ముడి నడినెత్తిన తట్టి నీళ్ళిచ్చింది. "ఆ పుస్తకాలా! బావా, నేను వాటిలో రాసినవన్నీ కలిపితే మూడే మాటలు. కిటికీ అద్దం జరగట్లేదు, సీటు చిరిగింది, పైకప్పు కారుతోంది."

"అదీ సమాచారమే."

"నిజమేలే. వాన పడితే ఎవరు తడుస్తారో కచ్చితంగా చెప్పేస్తుంది నీది."

మా ఆవిడ కూడా నవ్వింది. ఇంట్లో అక్కాతమ్ముళ్ళు ఎప్పుడూ ఒక పార్టీ. చదువు తక్కువైనా వాడికి తెలివికి లోటు లేదు, ఆ తెలివంతా మాటలకే ఖర్చయిపోతుంది. నేను ఉడుక్కోలేదు.

ఏప్రిల్ 12, శనివారం

డిపో అంతా ఒకసారి తిరిగి చూశాను. ప్రోగ్రాం పెట్టాక ఇదే మొదటిసారి. అంతకుముందూ పెద్దగా వెళ్ళింది లేదు, కావలసిందంతా పుస్తకాల్లోనే ఉండేది.

ఒకటి చూసి ఒళ్ళు మండింది. కొన్ని బస్సుల ఎడమ అద్దానికి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. నూనె మరకలతో, అసహ్యంగా. తొమ్మిది లెక్కపెట్టాను. మేస్త్రిని అడిగితే "గుర్తుకోసం సార్" అన్నాడు. దేనికి గుర్తు అని అడిగేలోపు నాకు ఫోనొచ్చింది. ఫోనయ్యాక నేరుగా మేనేజరు దగ్గరికే వెళ్ళి చెప్పాను. సాయంత్రానికి గుడ్డలన్నీ తీయించేశాడు. ఇప్పుడు వరసగా నిలబెడితే బస్సులు ఎంత శుభ్రంగా ఉన్నాయో.

మే 5, సోమవారం

రెండు నెలలు. కొండదారిలో ప్రమాదాలు: సున్నా. నా సున్నా! మేనేజరు ఈ రోజు తలుపు వేసి మరీ చెప్పాడు, ఇంకో పదకొండు డిపోల్లో పెట్టాలని పైవాళ్ళు ఆలోచిస్తున్నారట. "మీరే దగ్గరుండి పెట్టించాలి" అన్నాడు. ఇంటికి వస్తూ దారంతా పదకొండు, పదకొండు అనుకుంటూ వచ్చాను.

మే 9, శుక్రవారం

ఈ రోజు నా నెత్తిన పిడుగు పడింది.

ఉదయం గేటు దగ్గర నిలబడ్డాను, ఊరికే, కళ్ళారా చూసుకుందామని. కాగితంలో కొండదారికి ముప్పై ఒకటో నంబరు బస్సు. అది నా జాబితాలో మొదటిది, తలమానికం. పదకొండు నెలలుగా బ్రేకు మీద ఒక్క ఫిర్యాదు లేదు. తీరా గేటు దాటి కొండవైపు తిరిగింది పన్నెండో నంబరు. ముప్పై ఒకటి ఊళ్ళో మార్కెట్టు దారిలోకి పోయింది. ఇద్దరు డ్రైవర్లు గేటు పక్కన ఆగి ముందుండే ఊరిపేర్ల బోర్డులు మార్చేసుకున్నారు. చాలా అలవాటైన పనిలా, అరనిమిషంలో.

ఎన్నాళ్ళుగా జరుగుతోందని కాపలా మనిషిని అడిగాను. "మొదటినుంచీనండి" అన్నాడు. ఏ మొదటినుంచి? "కాగితం మొదలైనప్పటినుంచీ."

కాగితం మీద ఒప్పుకోవడం, గేటు దగ్గర తమకిష్టమైనట్టు చేసుకోవడం. రెండు నెలలుగా నన్ను వెర్రివాణ్ణి చేశారు. ఇలాంటి క్రమశిక్షణ లేని చోట ఏ ప్రోగ్రామైనా ఏం పనిచేస్తుంది?

పనిచేసింది కదా. సున్నా.

మే 12, సోమవారం

ఇక పక్కా. నేటినుంచి గేటు దగ్గర కాగితం, బస్సు నంబరు, దారి, మూడూ సరిచూశాకే కడ్డీ లేస్తుంది. బోర్డు మార్చితే మెమో. మేనేజరు నా వీపు తట్టాడు. మేస్త్రి మధ్యాహ్నం నా గది గుమ్మందాకా వచ్చి నిలబడ్డాడు. పదకొండు డిపోల ప్రణాళిక రాస్తున్నాను, తర్వాత రమ్మన్నాను. మళ్ళీ రాలేదు. అంత ముఖ్యమైన సంగతేమీ అయివుండదు.

మే 22, గురువారం

కొండదారి బస్సులు రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యం. కావాలనే నెమ్మదిగా నడుపుతున్నారు. గేటు కట్టడి మీద కోపం. వాళ్ళ కోపం చల్లారేదాకా ఓపికపట్టాలి.

మే 31, శనివారం

మా బావమరిది ఇవాళ బస్సెక్కనన్నాడు.

ముప్పై ఒకటి వాడికి పడింది. తాళం తీసుకుని బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, తాళం తెచ్చి మేనేజరు బల్లమీద పెట్టాడట. "దీన్ని కొండకి తీసుకెళ్ళను. ఊళ్ళో ఎంతసేపైనా తిప్పుతాను" అన్నాడట. పచ్చరంగు బస్సును కాదనడం కొత్త రూలు ప్రకారం తప్పు. ఆ రూలు నేనే రాశాను. మధ్యాహ్నానికి సస్పెండు చేశారు. ఎంక్వైరీ జూన్ పదిహేడున. అక్కడ నా రిపోర్టే సాక్ష్యం.

మొత్తం డిపోలో నా మాట కాదన్న మొదటివాడు నా ఇంటివాడే కావాలా!

జూన్ 1, ఆదివారం

మా ఆవిడ ఉదయంనుంచీ మాట్లాడలేదు. సాయంత్రం మాట్లాడింది. మాట్లాడకపోతేనే నయమనిపించింది.

"వాడి ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు. రూలు రూలే."

"పదకొండేళ్లలో వాడు ఒక్కరోజు మానాడా? ఒక్కరోజు కాదన్నాడా? అలాంటివాడు తాళం తెచ్చి బల్లమీద పెడితే ఎందుకురా అని మీకు అడగాలనిపించలేదా?"

"బద్ధకం. లేదా పంతం. ఆ బస్సు రికార్డు నేను చూశాను."

"ఆ బస్సులో నేను కూర్చున్నాను." మా ఆవిడ కొండమీది పోస్టాఫీసులో పనిచేస్తుంది, రోజూ బస్సులోనే వెళ్ళి వస్తుంది. ఈ సంగతి నాకు తెలియదని కాదు. బస్సు నంబరుతో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే. "ఈ మధ్య రోజూ అదే వస్తోంది. కొండ దిగేటప్పుడు కాలిన వాసన. డ్రైవరు నెత్తిమీంచి చెమట కారిపోతూ ఉంటుంది. వాడు తన ప్రాణం కోసం భయపడ్డాడనుకుంటున్నారా?"

"నువ్వు ఎక్కుతావనే దాన్ని పచ్చలో మొదట పెట్టింది" అన్నాను.

అది అబద్ధం. అలా అనేసరికి నిజమైనట్టే అనిపించింది.

జూన్ 4, బుధవారం

రిపోర్టు రాశాను. బంధుత్వం అడ్డురాకుండా, నిష్పక్షపాతంగా. ముప్పై ఒకటో బస్సు: పదకొండు నెలల్లో బ్రేకు ఫిర్యాదులు సున్నా. గేటు కట్టడి మొదలయ్యాక కొండదారిలో పంతొమ్మిది రోజులు తిరిగింది, ప్రమాదాలు సున్నా. సున్నాలు ఎక్కువున్న రిపోర్టు చదవడానికి హాయిగా ఉంటుంది.

జూన్ 6, శుక్రవారం

బావమరిది సంజాయిషీ ఇచ్చాడు. పేజీలు రాస్తాడనుకుంటే రెండే వాక్యాలు. "ఆ బస్సును ఖాళీగా కొండెక్కించి దించి చూపిస్తాను. సలహాదారును తయారుచేసినాయన ముందుసీట్లో కూర్చోవాలి."

మేనేజరు నవ్వి, "వెళ్తారా?" అన్నాడు.

"ఇవాళే వెళ్తాను" అన్నాను. మంగళవారానికి పెట్టారు.

జూన్ 9, సోమవారం

మా ఆవిడ "వెళ్ళొద్దు" అంది. నా మీద ప్రేమా, తమ్ముడి మీద బెంగా అని అడిగాను. "ఇద్దరూ ఒకే బస్సులో ఉంటారు కదా" అంది.

జూన్ 10, మంగళవారం

ఇవాళ ఏమీ రాయను.

జూన్ 11, బుధవారం

రాస్తాను. రాయకపోతే ఇంకా పెద్దదవుతోంది.

ఎక్కేటప్పుడు అంతా బాగానే ఉంది. నేను జోకులు వేశాను. ప్రతి మలుపుకూ చేతిలో కాగితంమీద టిక్కు పెట్టాను. పదిహేడు టిక్కులు. పైన వెనక్కి తిప్పుతూ వాడు "బెల్టు ఉంటే పెట్టుకో బావా" అన్నాడు. నా సీటుకు బెల్టు లేదు. ముందున్న కడ్డీ పట్టుకోమన్నాడు.

దిగుతూ నాలుగో మలుపు దాటాక వాసన మొదలైంది. ఆరో మలుపు దాటాక వాడు నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చూపించినట్టు, "ఇప్పుడు పెడలు చూడు" అన్నాడు. కాలు నేలదాకా పోయింది. బస్సు ఆగలేదు. వాడు రెండోసారి తొక్కాడు, మళ్ళీ నేలదాకా. గేరు తగ్గించాడు, ఇంజను అరిచింది, హ్యాండుబ్రేకు లాగాడు, ఇంకా పోతోంది. ఎనిమిదో మలుపుకు ముందు మట్టిగట్టు ఉంది. ఎడమవైపంతా దానికి రాసుకుంటూ, కిటికీలు పగులుతూ, చివరికి ఆగింది. మలుపు బండికి నాలుగు గజాల దూరంలో ఉంది. అవతల లోయ.

కడ్డీ పట్టుకున్న నా చేతివేళ్ళు విడిపించుకోవడానికి కాసేపు పట్టింది. ఆ వేళ్ళు నావి కానట్టున్నాయి. వాడు స్టీరింగు మీద నుదురు పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. వాడు అరుస్తాడనుకున్నాను, దెప్పుతాడనుకున్నాను. ఒక్క మాటన్నాడు.

"ఇది ఖాళీ బస్సు బావా."

జూన్ 12, గురువారం

ప్రశాంతంగా ఆలోచించాలి. అరవై నాలుగింటిలో ఒక్క బస్సు. తప్పు ఒకటిన్నర శాతం. ఇంతకంటే తక్కువ తప్పులు చేసే మనిషి ఎవడైనా ఉన్నాడా? ఒక బస్సుకు పుస్తకంలో రాయకపోతే ఆ తప్పు రాయనివాళ్ళది. నాది ఎలా అవుతుంది?

నాది ఎలా అవుతుంది?

జూన్ 13, శుక్రవారం

మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో, ఒక బస్సు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపించాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను.

"మేస్త్రీ, ముప్పై ఒకటి సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"ఎప్పటినుంచి?"

"ఏడాదయింది. దాని బ్రేకు డ్రమ్ములు అరిగిపోయాయి. ఊళ్ళో చిన్నచిన్నగా తొక్కితే ఏం కాదు. కొండ దిగేటప్పుడు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది." ఆయన బయటికి జరిగి కూర్చున్నాడు. "డ్రమ్ములు మార్చాలంటే పెద్ద వర్క్‌షాపుకు పంపాలి. పంపితే మూడు నెలలు రాదు. బస్సులు అసలే తక్కువ. అందుకని దాన్ని ఊళ్ళోనే తిప్పేవాణ్ణి."

"పుస్తకంలో ఒక్క ఫిర్యాదు లేదే!"

"ఈ పంతొమ్మిది రోజులంటే మెమో భయం. అంతకుముందు కొండకి పంపితే కదా సార్ ఫిర్యాదు వచ్చేది."

ఆ నూనె నేలమీదే ఆయన పక్కన కూర్చున్నాను. పదకొండు నెలలుగా ఆ బస్సు మీద ఎవరూ ఏమీ రాయకపోవడానికి కారణం దాన్ని వీళ్ళు కాపాడుకోవడం. ఆ ఖాళీని చూసి నేను దానికి కిరీటం పెట్టాను.

"అద్దాలకు కట్టిన గుడ్డలు?"

"ఇది కొండకి పనికిరాదు అని గుర్తు సార్. తొమ్మిదింటికి ఉండేవి. డ్రైవరు గుడ్డ చూస్తే అర్థం చేసుకునేవాడు. కాగితంలో గుడ్డబండి కొండకి పడితే గేటు దగ్గర మార్చుకునేవాళ్ళు. గుడ్డలు తీయించాక నంబర్లు గుర్తుపెట్టుకుని మార్చుకున్నారు."

జేబులోంచి నా కాగితం తీసి ఆయనకిచ్చాను, ఏవి గుడ్డబళ్ళో గీత పెట్టమని. ఆయన పెన్సిలుతో నిదానంగా పెట్టాడు. మొదటి ఎనిమిదిలో ఐదు.

ఐదు.

"మరి మీరు ఒప్పుకోను అని నొక్కొచ్చుగా!" గొంతు పెద్దదయింది. కోపం ఆయన మీద కాదని ఇద్దరికీ తెలుసు.

"మొదటిరోజు నొక్కాను సార్. పద్నాలుగు గడులొచ్చాయి. ఏ పార్టు చెడింది, ఏ తారీఖున చెడింది, ఫిర్యాదు నంబరెంత అని. పార్టు అరిగింది గానీ చెడలేదు, ఫిర్యాదు లేదు. నేను చెప్పాలనుకున్నదానికి గడి లేదు. బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఒప్పుకుంటున్నాను నొక్కేశాను."

"నాకు చెప్పొచ్చుగా."

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "వచ్చాను సార్ ఒకరోజు. తర్వాత రమ్మన్నారు."

జూన్ 14, శనివారం

రెండు నెలల సున్నా నాది కాదు. నా కాగితాన్ని వాళ్ళు పాటించలేదు కాబట్టి వచ్చిన సున్నా అది. దాన్ని చూపించి గేటు మూయించాను.

ఆ తర్వాత పంతొమ్మిది రోజుల సున్నా? ఇరవై నిమిషాలు ఆలస్యంగా, చెమటలు కక్కుతూ దించినవాళ్ళది.

ఆ పంతొమ్మిది రోజుల్లో నువ్వు ఎన్నిసార్లెక్కావని మా ఆవిడను అడిగాను. వేళ్ళమీద లెక్కపెట్టింది. పదమూడు అంది. వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

జూన్ 15, ఆదివారం

మేనేజరు ఇంటికొచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి చాలా స్నేహంగా మాట్లాడాడు. బస్సులో ముందుగా ఊహించలేని లోపం బయటపడిందని రాద్దామట. డ్రైవరు రాతపూర్వకంగా చెప్పకపోవడం మాత్రం తప్పేనట. ఉద్యోగం తీసేయరు, ఎక్కడో దూరం డిపోకి బదిలీ చేస్తారు. ప్రోగ్రాంకి మచ్చ రాదు. పదకొండు డిపోలూ ఉంటాయి. "అందరికీ మంచిది" అన్నాడు.

ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచించాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను, గంటసేపు ఆలోచించాను. దూరమంటే ఎంత దూరం, నెలకు ఒకసారి వచ్చిపోవచ్చు కదా అని కూడా లెక్కవేశాను. వంటింట్లో మా ఆవిడ గిన్నెలు సర్దుతోంది, అన్నీ వినిపించే ఉంటాయి. తిట్టినా బాగుండేది.

జూన్ 17, మంగళవారం

ఎంక్వైరీ. హెడ్డాఫీసునుంచి పెద్దావిడ వచ్చింది, ఆవిడదే ఆఖరిమాట. బల్లకు అటువైపు ఆవిడ, మేనేజరు. ఇటువైపు బావమరిది, ఇస్త్రీ చొక్కాలో, గడ్డం గీసుకుని, ఎవరిదో పెళ్ళికొచ్చినవాడిలా. వెనక బెంచీమీద మేస్త్రి.

నా రిపోర్టు చదవమన్నారు. చదవనన్నాను. అది వెనక్కి తీసుకుంటున్నానన్నాను.

"ఎందుకు?" అందావిడ.

"ఫిర్యాదు లేనిచోట బస్సు బాగుందని చదివాను మేడం. ఎందుకు లేదని అడగలేదు. డ్రైవరు చెప్పింది నిజం. బస్సు గురించి ఈ గదిలో అందరికంటే తక్కువ తెలిసినవాణ్ణి నేను."

"మీ రిపోర్టులో సిబ్బంది నూటికి తొంభై ఏడుసార్లు ఒప్పుకున్నారని ఉంది. దానర్థమేమిటి?"

"పద్నాలుగు గడులు నింపే తీరిక వాళ్ళకు లేదని అర్థం."

మేనేజరు పైకప్పు వైపు చూశాడు. ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మరి ఫిర్యాదు ఎందుకు లేదు? ఎవరు దాచారు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దీనికి జవాబు చెబితే మేస్త్రి మునుగుతాడు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడాయన. "ఎవరూ దాచలేదు, నేను అడగలేదు" అని మళ్ళీ అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, మళ్ళీ అడిగింది. వెనక బెంచీ కిర్రుమంది.

"నేనే మేడం" అన్నాడు మేస్త్రి. "కొండకి పంపకుండా నేనే ఆపాను. రాసి ఉండాల్సింది. రాయలేదు."

"ఆయన ఆపబట్టే ఇన్నాళ్ళూ ఎవరూ పోలేదండీ" అన్నాడు బావమరిది. ఎంక్వైరీ తనమీదని మరిచిపోయినట్టున్నాడు. "నన్ను బదిలీ చేసుకోండి, ఏమైనా చేసుకోండి. ఆయన్ని ఏమీ అనకండి."

పెద్దావిడ చాలాసేపు రాసుకుంది. సస్పెన్షన్ రద్దు. మేస్త్రికి రాతపూర్వకంగా మందలింపు. తొమ్మిది బస్సులూ వరసగా వర్క్‌షాపుకు. సలహాదారును ఆపెయ్యాలి, పదకొండు డిపోల మాట ఎత్తొద్దు. లేవబోతూ నావైపు తిరిగి, "మళ్ళీ చేస్తారా దీన్ని?" అంది.

"చేస్తాను" అన్నాను. "ఈసారి బాగా చేస్తాను."

ఆ మాట ఎలా వచ్చిందో! కానీ వెనక్కి తీసుకోను. చేయగలను.

బయట వరండాలో బావమరిదిని పట్టుకుని క్షమించమన్నాను. వాడు చొక్కా గుండీ విప్పుకుంటూ, "అంత పెద్ద పెద్ద మాటలు నాకు రావు బావా. రేపు ఫస్ట్ షిఫ్టు, పడుకోవాలి" అని వెళ్ళిపోయాడు. నాలుగడుగులేసి ఆగి వెనక్కి తిరిగాడు. "చేతులు బాగున్నాయా? ఆ రోజు కడ్డీ విరిచేస్తావేమో అనుకున్నాను."

జూన్ 20, శుక్రవారం

ఉదయంనుంచి షెడ్డులోనే ఉన్నాను. బస్సులు వచ్చేటప్పుడు మేస్త్రి ఏం చూస్తాడో చూస్తున్నాను. ముందు వాసన చూస్తాడు. తర్వాత డ్రైవరు మొహం చూస్తాడు. బస్సు ఆఖర్న. ఇవి ఏ గడిలో పట్టిస్తానో ఇంకా తెలియదు. కంగారేమీ లేదు.

ఇద్దరు డ్రైవర్లు నన్ను చూసి మాటలాపేశారు. మూడోవాడు మాత్రం "రాసుకుంటారా సార్? అయితే నలభై రెండు గురించి రాసుకోండి" అన్నాడు. అరపేజీ చెప్పాడు. పన్నెండేళ్ల పుస్తకాల్లో అందులో ఒక్క ముక్క లేదు.

జూన్ 23, సోమవారం

ఈ రోజు మా ఆవిడతోపాటు బస్‌స్టాపుదాకా నడిచాను. ఎండ అప్పుడే ముదురుతోంది. ఆవిడ సంచీ నేను పట్టుకున్నాను.

దూరంగా బస్సు కనిపించింది. నంబరు ఇంకా చదవలేకపోతున్నాను. ఆవిడ కళ్ళు చికిలించి చూసింది.

"ఏ బస్సండీ అది? ఎక్కొచ్చా?"

మూడు నెలల క్రితమైతే ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర శాతాలతో సహా ఉండేది. "తెలియదు. ఉండు" అని మేస్త్రికి ఫోన్ చేశాను. వెనక షెడ్డు చప్పుళ్ళు, ఎవరో సుత్తితో కొడుతున్నారు.

"మేస్త్రీ, కొండకి ఇప్పుడొచ్చే బండి ఏది?"

"పన్నెండు సార్. అమ్మగారిని ఎక్కమనండి."

"ఎంత నమ్మకంగా చెప్పొచ్చు?" అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

అవతల సుత్తి ఆగింది. "నమ్మకమేంటి సార్? పొద్దున కింద పడుకుని చూశాను."

సంచీ ఆవిడ చేతికిచ్చి, "ఎక్కు" అన్నాను. ఎక్కింది.